సీలు మాదే, అమ్మింది మేం కాదు: పర్లాకిమిడిలో ఒక తెలుగు ఫోల్డర్ కేసు

స్పైరల్ బైండింగ్ చేసిన ఆ పుస్తకం పదిహేడో పేజీలో, కుడివైపు కింది మూలన, ఒక బొటనవేలు ఉంది. పేజీ కదలకుండా పట్టుకుని ఫోన్‌తో స్కాన్ చేసినప్పుడు పడిందది. పై మూలన మా కాలేజీ లైబ్రరీ గుండ్రటి సీలు, దాని కింద నా చేతిరాతలో యాక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీ రిజిస్టరులో పుస్తకానికి వేసే నంబరు. వెనక అట్ట మీద ధర 350 రూపాయలు.

వేలు మా తెలుగు మాస్టారిది. సీలు మా లైబ్రరీది. అమ్మింది మాత్రం సరిహద్దు అవతల ఆంధ్రలో ఒక కోచింగ్ సెంటరు. అసలు పుస్తకం వేసిన పబ్లిషరుకి ముందు దొరికింది మేమే, ఎందుకంటే ఊరి పేరు సీలు మీద ఉంది.

ఇది రెండేళ్ల కిందటి సంగతి. గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను, లైబ్రేరియన్‌ని. కానీ కాలేజీల్లో కాపీరైట్ గొడవ వస్తే ముందు పిలిచేది మమ్మల్నే. సెక్షన్లు చదవడం ఆ రకంగా అలవాటైంది.

అచ్చులో లేని పుస్తకం

మాది ఒడిశాలో గజపతి జిల్లా. పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నానికి ఆటోలో వెళ్లి రావచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది, తెలుగు పుస్తకాల బజారు అటే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు షాపుకి వెళ్తే దొరికేవి ఒడియా, ఇంగ్లీషు పుస్తకాలే.

ఆ ఏడు మా ప్లస్ త్రీలో, అంటే ఇక్కడి డిగ్రీలో, తెలుగు తీసుకున్నవాళ్లు 46 మంది. సిలబస్‌లో పెట్టిన వ్యాస సంపుటి లైబ్రరీలో 3 కాపీలు ఉన్నాయి. వాటిలో ఒకదాని చివరి పాఠాన్ని చెదలు తినేసింది. కొత్తవి తెప్పిద్దామని శ్రీకాకుళం, విశాఖపట్నం షాపులకి ఫోన్ చేశాను. అచ్చులో లేదన్నారు.

మాస్టారు లాక్‌డౌన్‌లో ఫోన్ పట్టారు. అంతకుముందు వాట్సాప్‌లో శుభోదయాలు పంపడం తప్ప ఏమీ తెలియని మనిషి, గూగుల్ డ్రైవ్‌లో 'పిల్లలకి' అని ఒక ఫోల్డర్ తెరిచి, మూడేళ్లలో 214 ఫైళ్లు పోగేశారు. వ్యాస సంపుటి స్కాన్లు, వేమన పద్యాలు తాత్పర్యాలతో, యూట్యూబ్ నుంచి దింపిన ఉపన్యాసాలు, పాత పాటల ఎంపీత్రీలు, పేపర్ కటింగులు, పాత ప్రశ్నపత్రాలు, ఆయన సొంత నోట్సు. ఒక గైడ్ అట్ట నుంచి అట్ట దాకా, 212 పేజీలు. వీటితోపాటు ఆయనే చదివి రికార్డు చేసిన ఆడియోలు. వాటిలో వెనకాల ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది.

ఫోల్డర్ సెట్టింగు ఏముందో ఆయనకి తెలీదు. 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని ఉంది. ఒక అమ్మాయి అవతల చదువుతున్న చుట్టాలబ్బాయికి లింకు పంపింది. అక్కడి నుంచి టెలిగ్రామ్ గ్రూపుకి, గ్రూపు నుంచి కోచింగ్ సెంటరుకి. వాళ్లు గైడ్‌నీ, మా స్కాన్లనీ కలిపి ప్రింటు తీసి 'స్పెషల్ మెటీరియల్' అని అమ్మేశారు.

నోటీసు వచ్చిన రోజు

పబ్లిషరు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. 15 రోజుల్లో 5 లక్షలు కట్టాలి, లేకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు. కింద కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌ని బోల్డ్‌లో పెట్టారు: ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఆ అంకెలు నిజమే. అయితే ఆ సెక్షన్ తెలిసి చేసినవాడి గురించి చెబుతుందన్న ముక్క నోటీసులో బోల్డ్‌లో లేదు.

ప్రిన్సిపాల్ గారు చదివి టెన్షన్ పడిపోయారు. ఆయన చెప్పింది ఒకటే మాట, అన్నీ తీసేయండి. సాయంత్రానికల్లా మాస్టారు ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేశారు.

ఈ కేసులో మేం చేసిన పెద్ద తప్పు ఇదే. మర్నాడు బరంపురంలో ఒక లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన నోటీసు కంటే ముందు మమ్మల్ని తిట్టారు. నోటీసు అందాక ఫైళ్లు చెరిపేస్తే, దాచాల్సింది ఏదో ఉందని మనమే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. చేయాల్సిన పని లింకు మూసేయడం. ఎప్పుడు మూశామో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం. అంతే. అదృష్టం ఏంటంటే డ్రైవ్ ట్రాష్‌లో ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. అన్నీ వెనక్కి తెచ్చాం, ఈసారి తలుపు మూసి.

డిలీట్ చేసిన రాత్రే నాకొక ఫోన్ వచ్చింది. గుణుపురం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి, చూపు లేదు.

"మేడమ్, ఫోల్డర్ ఖాళీ అని చదువుతోంది నా ఫోను. ఇంటర్నల్ ఇంక తొమ్మిది రోజులే ఉంది."

అప్పటిదాకా ఆ కుక్కర్ విజిల్ ఆడియోలు ఎవరి కోసమో నేను అడగనే లేదు.

ఎన్ని పేజీలు?

ఈ మాటెత్తితే స్టాఫ్‌రూమ్‌లో అందరూ అడిగేది ఇదే. పది శాతం దాకా పర్వాలేదట కదా అని ఒకరు, ఒక చాప్టర్ ఓకే అని ఇంకొకరు. మన 1957 కాపీరైట్ చట్టంలో పాఠం చెప్పేవాళ్లకి అలాంటి అంకె ఏదీ లేదు. 52వ సెక్షన్, ఒకటో ఉపసెక్షన్, 'ఐ' క్లాజు చెప్పేది క్లుప్తంగా ఇది: బోధన సాగే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ ఏ రచనకైనా నకలు తీస్తే అది ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో పెట్టినా కాదు, జవాబులో రాసినా కాదు.

అంకె ఉన్నది దాని ముందు క్లాజులో. బోధన కోసం సంకలనం అచ్చు వేసే పబ్లిషరు, ఒకే రచయిత రచనల నుంచి ఐదేళ్లలో రెండు చిన్న భాగాల కంటే ఎక్కువ తీసుకోకూడదు. అది అచ్చు వేసి అమ్ముకునేవాళ్లకి. క్లాసులో జిరాక్స్ ఇచ్చే మాస్టారికి దాన్ని తగిలించడం వల్లే సగం భయాలు.

ఈ 'ఐ' క్లాజు ఎంత దూరం పోతుందో తేల్చింది ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద, యూనివర్సిటీ మీద దావా వేశాయి. సిలబస్ ప్రకారం వేర్వేరు పుస్తకాల నుంచి పేజీలు తీసి కోర్స్‌ప్యాక్‌లుగా ఇస్తున్నారని ఫిర్యాదు. 2016 సెప్టెంబర్ 16న ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి దావా కొట్టేశారు. అదే ఏడు డిసెంబర్ 9న అప్పీలు విన్న డివిజన్ బెంచ్ కూడా, బోధన అంటే గంట కొట్టిన తర్వాత నలభై ఐదు నిమిషాలే కాదని ఒప్పుకుంది. కొలత పేజీల లెక్క కాదు, ఆ పాఠం చెప్పడానికి అంత అవసరమా అన్నది.

ఇక్కడితో ఆపి చాలామంది 'గెలిచేశాం' అంటారు. నాకు అంత ధీమా లేదు. కోర్స్‌ప్యాక్‌లో ఉన్నవన్నీ బోధనకి నిజంగా అవసరమా, పూర్తి పుస్తకాల జిరాక్స్ మాటేంటి అన్న విషయాలను బెంచ్ విచారణకి వెనక్కి పంపింది. 2017 మార్చిలో పబ్లిషర్లు దావా ఉపసంహరించుకున్నారు. దాంతో ఆ ప్రశ్నకి ఆ కేసులో జవాబు రాలేదు. మా కేసులో అట్ట నుంచి అట్ట దాకా ఉన్న గైడ్ సరిగ్గా ఆ ఖాళీలోనే కూర్చుంది.

ఇంకొక సంగతి కూడా ఆ క్లాజులోనే ఉంది. అది అనుమతించింది నకలు తీయడాన్ని. జనానికి అందుబాటులో పెట్టడం చట్టం దృష్టిలో వేరే హక్కు. 46 మందికి ఇచ్చిన 38 పేజీల స్కాన్ క్లాసు లోపల ఉన్నంతసేపు మాస్టారి వెనక చట్టం నిలబడుతుంది. అదే ఫైలు అదే పేజీలతో ఊరందరికీ తెరిచిన లింకులో ఉంటే నిలబడడం కష్టం. ఎవరికి, ఏ పాఠం కోసం ఇచ్చారన్నది ముందు చూడాలి. మా ఫోల్డర్ తడబడింది అక్కడ.

మాస్టారికి దీని మీద చాలా కోపం వచ్చింది. "ఏటమ్మా ఇది, పిల్లలకి పుస్తకం ఇవ్వడం కూడా దొంగతనమేనా? నేను రూపాయి తీసుకున్నానా?"

తీసుకోలేదు మాస్టారూ, అన్నాను. అది మనకి బలమే. కానీ తాళం వేయని బీరువాలోంచి వేరేవాడు తీసుకెళ్లి అమ్ముకున్నాడు. బీరువా మనదే కదా.

ఆయన తన యూట్యూబ్ వీడియోలు చూపించారు. ప్రతి దాని కింద ఇంగ్లీషులో ఒక పేరా, 1976 కాపీరైట్ చట్టం 107వ సెక్షన్ కింద ఇది ఫెయిర్ యూజ్ అని. ఎక్కడిది మాస్టారూ అంటే, అందరూ పెడుతున్నారు కదా అని పెట్టానన్నారు. అది అమెరికా చట్టం. అక్కడ ఫెయిర్ యూజ్ అని, అనుమతి లేకుండానే న్యాయంగా వాడుకోవడానికి, విశాలమైన సూత్రం ఒకటుంది, నాలుగు అంశాలు తూచి కోర్టు తేలుస్తుంది. మన దగ్గర ఉన్నది చట్టం పేర్కొన్న పనులకే వర్తించే ఫెయిర్ డీలింగ్, దాంతోపాటు 52లో విడివిడిగా రాసిన మినహాయింపులు. మన పని ఆ జాబితాలో ఏదో ఒక గదిలో ఇమడాలి. పర్లాకిమిడిలో కూర్చుని అమెరికా సెక్షన్ అతికిస్తే మంత్రంలా పనిచేయదు. తెలుగు విద్యా చానళ్లలో ఈ పేరా ఎన్నిచోట్ల చూశానో లెక్కలేదు.

రీడింగ్ హాల్ బల్ల మీద 214 ఫైళ్లు

ఫైళ్ల పట్టిక ప్రింటు తీసి, రెండు సాయంత్రాలు మాస్టారూ నేనూ కూర్చున్నాం. ఆయన చదువుతుంటే నేను పక్కన గుర్తు పెట్టేదాన్ని.

మొదట తేలిపోయినవి పాతవి. మన దగ్గర కాపీరైట్ రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. సవర భాష మీద గిడుగు రామమూర్తి గారు చేసిన పని నుంచి మాస్టారు కొన్ని పేజీలు పెట్టారు. ఆ సవర ఊళ్లు మాకు చుట్టుపక్కలే, ఆయన పాఠాలు చెప్పిందీ మా ఊళ్లోనే. ఆయన పోయింది 1940లో. ఎలా లెక్కేసినా 2001 నాటికి ఆ రచనలు అందరివీ అయిపోయాయి. జాషువా గారి దగ్గర మాస్టారు పొరబడ్డారు, పాత కవి కదా అని. 1971లో పోయారు కాబట్టి 2031 డిసెంబర్ దాకా హక్కు ఉంటుంది. శ్రీశ్రీ 1983, అంటే 2043 దాకా. "అప్పటికి నేనుండనులే, నువ్వు పెట్టు" అన్నారు మాస్టారు. క్లాసు వరకు పాఠంగా ఇప్పుడే పెట్టొచ్చని చెప్పాక నవ్వారు.

చిక్కు వచ్చింది వేమన దగ్గర. పద్యం ఎవరి సొత్తూ కాదు. పక్కన ఉన్న తాత్పర్యం మాత్రం బతికే ఉన్న ఒక పండితుడిది, పుస్తకంలోంచి యథాతథంగా టైపు చేసింది. తెలుగు మెటీరియల్‌లో ఇది ఎప్పుడూ జరిగే పొరపాటు. పద్యం పాతదని దాని చుట్టూ ఉన్న టీక, ముందుమాట, ఫుట్‌నోట్లు కూడా పాతవే అనుకుంటాం. మాస్టారు ఆ తాత్పర్యాలు తీసేసి తనవి రాసుకున్నారు. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆయనవే బాగున్నాయి.

పాటలు, సినిమా ముక్కల గురించి ఎక్కువ ఆలోచించలేదు. క్లాసులో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు వేసి చూపించడానికి 52లోనే వేరే క్లాజు ఉంది. దించుకుని ఫోల్డర్‌లో పెట్టి పంచడానికి ఆ క్లాజు చాలదు. పైగా యూట్యూబ్ నిబంధనలు కూడా అలా దించుకోవడానికి ఒప్పుకోవు. ఫైళ్లు తీసేసి లింకులు పెట్టాం.

వ్యాస సంపుటి స్కాన్లు ఉంచాం. సిలబస్‌లో ఉంది, అచ్చులో లేదు, పాఠాలకి కావలసిన 38 పేజీలే తీశారు. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

గైడ్ దగ్గర వాదన జరిగింది. ఢిల్లీ తీర్పు చూపించి దీన్ని కూడా కాపాడుకోవచ్చని లాయర్ ఒక దారి చెప్పారు. నేను ఒప్పుకోలేదు. గైడ్ సిలబస్ పుస్తకం కాదు, అది షాపులో దొరుకుతోంది, మనకి కావలసింది అందులో నాలుగు పాఠాలే. 212 పేజీలూ పాఠం చెప్పడానికి అవసరమని నేనే నమ్మనప్పుడు ఇంకొకరిని ఎలా నమ్మించను? అది తీసేశాం. బదులుగా 6 కాపీలు కొని రిజర్వ్ షెల్ఫ్‌లో పెట్టాను.

లైబ్రరీ తరఫున మొత్తం స్కాన్ చేసి దాచుకోవచ్చు కదా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. అలాంటి క్లాజు ఉంది, భద్రపరచడం కోసం. కానీ అది లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకని రాసి ఉంది. కాలేజీ లైబ్రరీ ఆ మాటలో ఇముడుతుందన్న ధైర్యం నాకు లేదు. చెదలు తిన్న కాపీని చూసినప్పుడల్లా ఆ క్లాజు ఇంకాస్త వెడల్పుగా రాసి ఉంటే బాగుండు అనిపిస్తుంది.

మాస్టారి సొంత నోట్సు గురించి మేనేజ్‌మెంట్ నుంచి ఒకాయన, ఉద్యోగంలో రాసింది కాబట్టి అది కాలేజీదే కదా అన్నారు. ఉద్యోగ ఒప్పందం కింద, పనిలో భాగంగా రాసినదాని మీద యజమానికి హక్కు ఇచ్చే 17వ సెక్షన్ ఉన్నమాట నిజం. ఇంట్లో రాత్రిపూట రాసిన నోట్సుకి అది పడుతుందా అన్నది వేరే గొడవ. నోటీసు మీద ఉన్నప్పుడు ఇంకో తగువు ఎందుకని ఆ ఫైలు మీద నా గుర్తు పెట్టకుండా వదిలేశాను.

ఆ అబ్బాయి ఆడియోలు

వీటన్నిటికంటే ముందు చేసిన పని ఇది. 2012 సవరణతో 52లో 'జెడ్‌బి' అనే క్లాజు వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగలిగే రూపంలోకి ఏ రచననైనా మార్చి వాళ్లకి ఇవ్వొచ్చు. చదువు కోసం, పరిశోధన కోసం, సొంతానికి. అది లాభం కోసం కాకూడదు. ఇదే విషయం మీద వచ్చిన మారకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014 జూన్‌లో, ఆమోదించింది మన దేశమే.

అంటే క్లాసు ఫోల్డర్‌లోంచి మేం తీసేసిన గైడ్‌ని, అదే 212 పేజీలని, మాస్టారు చదివి ఆ అబ్బాయికి ఆడియోగా ఇస్తే తప్పు లేదు. స్టాఫ్‌రూమ్‌లో ఇది చెబితే ఎవరూ నమ్మలేదు, సెక్షన్ చూపించాల్సి వచ్చింది. ఆడియోలకి వేరే ఫోల్డర్ పెట్టి, ఆ అబ్బాయి ఈమెయిల్ ఒక్కదానికే తలుపు తెరిచాం. ఇంటర్నల్‌కి ఆరు రోజుల ముందు అందాయి. పరీక్ష రాశాక వచ్చి, మాస్టారు గైడ్ చదివేటప్పుడు విసుగ్గా చదువుతారని, వ్యాసాలు మాత్రం బాగా చదువుతారని చెప్పాడు.

జవాబు

నోటీసుకి లాయర్ రెండు పేజీల జవాబు రాశారు. పుస్తకం మేం కొన్నదే, బిల్లు జతచేశాం. సిలబస్ పేజీలు బోధన కోసం తీసినవి, అందుకు 52 రక్షణ ఉంది. లింకు తెరిచి ఉండడం పొరపాటు, ఫలానా తేదీన మూశాం. గైడ్ ఫైలు తీసేశాం. డబ్బు ఎక్కడా చేతులు మారలేదు. స్పైరల్ పుస్తకం మాది కాదు, దాని మొదటి పేజీ మీద కోచింగ్ సెంటరు ఫోన్ నంబర్లు ఉన్నాయి చూసుకోండి. ఒప్పుకోవలసింది ఒప్పుకోవడం వల్లే మిగతా వాదన నిలబడిందని నా నమ్మకం. మొదట ప్రిన్సిపాల్ గారికి లింకు సంగతి రాయడమే ఇష్టం లేదు.

పబ్లిషరు తరఫున ఒకాయన ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారు. మనిషి మంచివాడే. సరిహద్దు ఇవతల తెలుగు పుస్తకానికి ఇంతమంది పాఠకులు ఉన్నారని తెలీదన్నారు. వ్యాస సంపుటి మళ్లీ వేస్తారా అని అడిగాను, చూస్తామన్నారు. కోచింగ్ సెంటరు సంగతి తాము చూసుకుంటామన్నారు. 5 లక్షల మాట మళ్లీ ఎత్తలేదు, అలాగని వదిలేశామని కాగితం మీద రాసివ్వనూ లేదు.

ఫోల్డర్ ఇప్పుడు సెమిస్టర్ సెమిస్టర్‌కీ కొత్తగా తెరుస్తాం, ఆ బ్యాచ్ ఈమెయిళ్లకే. ప్రతి స్కాన్ మొదటి పేజీలో పుస్తకం, రచయిత, ప్రచురణకర్త, ఏ పాఠానికి తీసుకున్నామో ఒక వరుస రాస్తాం. సెమిస్టర్ అయ్యాక మూసేస్తాం. పిల్లలు లింకు బయటికి పంపినా తెరుచుకోదు. ఫైలు దించుకుని పంపితే ఆపలేం, అది నాకు తెలుసు. మాస్టారు ఇప్పటికీ ఒక్కోసారి విసుక్కుంటారు, అందరికీ పనికొచ్చేదాన్ని నలభై మందికి కుదించామని. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అవతలి ఊళ్లలో అదే పుస్తకం దొరకని పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్లకి మా ఫోల్డర్ మూతపడినట్టే. అందుకే ఆయన సొంత నోట్సునీ, కొత్తగా రాసిన వేమన తాత్పర్యాలనీ ఆయన ఇష్టప్రకారమే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో అందరికీ తెరిచి పెట్టాం. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోకూడదు.

కాపీరైట్ నష్టపరిహారం దావాకి గడువు మూడేళ్లని లాయర్ చెప్పారు. ఇంకా ఏడాది ఉంది. నోటీసు, జవాబు, స్క్రీన్‌షాట్లు, స్పైరల్ పుస్తకం ఒకే ఫైల్లో కట్టి బీరువాలో పెట్టాను. ఆ పుస్తకానికి యాక్సెషన్ నంబరు మాత్రం వేయలేదు.